సీజన్ లేని అగ్రిమెంటు

మా చెల్లెలి పేరుతో నేను పంపిన మెయిల్‌లో నాలుగే వాక్యాలున్నాయి. పంపడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ ఒక్క నిమిషంతో ఆమె మూడేళ్ల పని పోయింది. ఆ సంగతి ఆమెకు తెలియడానికి మాత్రం నలభై ఒక్క రోజులు పట్టింది. ఆ నలభై ఒక్క రోజులూ మేమిద్దరం ఒకే గదిలో పడుకున్నాం, ఒకే గిన్నెలో వండుకుని తిన్నాం.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను.

నా పేరు పరంజ్యోతి. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో తొమ్మిదేళ్లు అగ్రిమెంట్ల గుమాస్తాగా చేశాను. కంపెనీ ఇక్కడి ఆఫీసు ఎత్తేసింది. అప్పటికే మా చెల్లెలు ఎలిజబెత్ పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తోంది. గీయడం వచ్చు గానీ మాట్లాడడం రాదు. ఎవరేమడిగినా "సరే" అంటుంది. ఆవు నవ్వాలంటే నవ్విస్తుంది. ఆవు ఏడవాలంటే ఏడిపిస్తుంది. నాలుగుసార్లు మార్చమంటే నాలుగుసార్లు మారుస్తుంది. నూనెపల్లెలో మా అద్దె గది మేడ మీద ఉండేది. ఉద్యోగం పోయిన మూడో రోజున నేను ఆ గదిలో కూర్చుని, హైదరాబాద్ నుంచి ఒకాయన ఆమెను ఫోన్లో పీక్కు తింటుంటే విన్నాను. విని ఫోన్ లాక్కున్నాను.

"సార్, నేను వాళ్లక్కను. రెండు మార్పులకు ఒప్పుకున్నాం. మీరు ఐదోది అడుగుతున్నారు. ఇంక ఆవును ముట్టుకోం."

ఆయన గొణిగి పెట్టేశాడు. ఎలిజబెత్ కళ్లు ఇంత చేసుకుని చూసింది.

"యమ్మో! అట్లంటే ఇంగ పనియ్యరక్కా వాళ్లు."

"ఇస్తారు. రైతుల కాడ తొమ్మిదేండ్లు గీసీగీసీ బేరమాడినా. వీళ్లొక లెక్కా?"

మళ్లీ ఇచ్చారు. ఆ రోజు నుంచి పని చీలిపోయింది. గీయడం ఆమెది. మిగిలినదంతా నాది. ఎవరి పని తీసుకోవాలి, ఎప్పటికివ్వాలి, ఎన్నిసార్లు మార్చాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, అన్నీ నేనే. మెయిల్ ఆమె పేరుతోనే ఉంటుంది, తెరిచేది నేను. "మెయిల్ తెరిస్తే నాకు చెయ్యి ఆగిపోతాదక్కా" అనేది. అందరికీ ఇచ్చిన ఫోన్ నంబరు కూడా నాదే. జవాబులు ఆమె రాసినట్టే మెత్తగా రాయడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఒక్కోసారి ఆమే చదివి, "ఇది నేను చెప్పిందేనా?" అని నవ్వేది.

ఆమె ఒకే మనిషిని మళ్లీ మళ్లీ గీసేది. మా అమ్మ ఎస్తేరమ్మను.

అమ్మ పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్‌కు పోయేది. తెలియని వాళ్లకు చెబుతాను. మధ్యాహ్నం తల్లి మొక్క మొగ్గల్లోంచి పుప్పొడి భాగం గిల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే తండ్రి మొక్క పువ్వు తెంపి, ఆ మొగ్గకు పుప్పొడి రుద్దుతారు. అలా ప్రతి పువ్వుకూ చేత్తో చెయ్యాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా వానాకాలం చివర్లో ఆడవాళ్లంతా ఆ పని మీదే ఉంటారు. అమ్మ పొట్టి మనిషి. చీర మీద మా నాయన ఫుల్ చేతుల చొక్కా వేసుకునేది. తలకు తువ్వాలు చుట్టుకునేది. వేళ్ల కొసలు పచ్చగా ఉండేవి. ఆమె పోయి అప్పటికి నాలుగేళ్లు. ఎలిజబెత్ ఆమెను అలాగే గీసేది. మూడేళ్లుగా ముప్ఫై రెండు పేజీల పుస్తకం ఒకటి తయారు చేస్తోంది. అందులో అమ్మ పొద్దున్నే లేచి చేనుకు పోయి సాయంత్రం తిరిగొస్తుంది. అంతే కథ. చూసిన వాళ్లు మాత్రం చివరి పేజీ తిప్పాక మళ్లీ మొదటి పేజీకి వెళ్లేవారు. జూన్‌లో నేనే దాన్ని హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థకు పంపాను.

జూలైలో బెంగళూరు నుంచి పని వచ్చింది. పిల్లలకు ఫోన్లో చదువు చెప్పే కంపెనీ అది. ఎలిజబెత్ పాత బొమ్మలు చూసి, అమ్మ బొమ్మ వాళ్లకు నచ్చిందట. ఆమెతో పన్నెండు కార్డులు కావాలన్నారు. పదకొండు పేజీల అగ్రిమెంటు పంపారు.

నేను చదివాను. చదవలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కార్డులు, ఆ పాత్ర, దాన్ని పోలినవన్నీ కంపెనీవే అని ఉంది. నాకు కొత్తగా అనిపించలేదు. విత్తనాల అగ్రిమెంటులోనూ అంతే. పండిన పంటంతా కంపెనీదే. ఒక్క గింజ రైతు ఇంట్లో ఉంచుకోకూడదు. ఆ మాట నేను కొన్ని వందల మంది రైతులకు చదివి వినిపించాను, వేలిముద్రలు వేయించాను. సీజన్ అయిపోతే అగ్రిమెంటూ అయిపోతుంది. మరుసటేడు అదే చేన్లో రైతు శనగ వేసుకుంటాడు, మిరప వేసుకుంటాడు. అడిగే వాడు లేడు. పంట వాళ్లది, చేను మనది. బొమ్మల అగ్రిమెంటునూ నేను ఆ కళ్లతోనే చదివాను.

ఎలిజబెత్ టాబ్లెట్ మీద వంగి గీస్తూనే అడిగింది.

"అంతా చదివినావా అక్కా?"

"తొమ్మిదేండ్లు ఇదే చదివినా లేమ్మే. ఆన్‌లైన్ సంతకానికి నీ ఫోన్‌కు నంబర్ వస్తాది, చెప్పు."

ఆరంకెలు చెప్పింది. తల ఎత్తలేదు. సంతకం అయిపోయింది.

సెప్టెంబరు రెండో వారంలో హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. ఎడిటర్ పేరు సునీత. పుస్తకం వేస్తామని రాసింది. వేసవికి తెస్తామంది. బొమ్మల్లోని తల్లిని చూసి తన ఆఫీసులో ఇద్దరు ఏడ్చారంది. చివర్న ఒక్క చిన్న మాట. 'ఈ పాత్ర హక్కులు మీ దగ్గరే ఉన్నాయని ఒక లేఖ ఇవ్వండి. ఇదే పాత్రతో ఇంతకు ముందు ఎవరికైనా పని చేసి ఉంటే ఆ అగ్రిమెంటు పంపండి.'

ఎలిజబెత్ స్నానానికి వెళ్లింది. గెంతి, తలుపు బాది చెప్పాల్సిన మాట. లేచాను కూడా. ఎందుకో ఆగి, బెంగళూరు అగ్రిమెంటు తెరిచాను. ఏడో పేజీ. 'ఈ పాత్రతో ఇంతకు ముందు గీసినవి, ఇకపై గీయబోయేవి, ప్రపంచమంతటా, ఎప్పటికీ.'

ఆ పేజీని జూలైలోనూ చదివాను. అప్పుడూ అవే మాటలున్నాయి.

"ఏందక్కా, అట్ల నిలబడినావు?" తల తుడుచుకుంటూ వచ్చింది ఎలిజబెత్.

"ఏం లే. కరెంటు పోతాదేమోనని చార్జింగ్ చూస్తాండా."

అది మొదటి అబద్ధం. చాలా తేలిగ్గా వచ్చింది.

మర్నాడు కోర్టు ఎదుట లాయరు ప్రభుదాసు గారి దగ్గరికి పోయాను. మా చర్చి సంఘపు మనిషే. చిన్నప్పటి నుంచి తెలుసు. పదకొండు పేజీలూ తిప్పి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"ఎవరు సంతకం పెట్టింది?"

"చెల్లెలు. నేనే పెట్టించినా సార్."

"చదివినావా?"

"చదివినా."

"ఏమని చదివినావ్?"

"విత్తనం అగ్రిమెంట్ మాదిరే అనుకుంటి సార్. పంట వాళ్లది, చేను మనది."

ఆయన కాగితాలు నా ముందుకు తోశాడు. "అట్లనా. అయితే ఇందులో సీజన్ యాడుందో చూపీ నాకు."

వెతికాను. ఆయన టీ చెప్పాడు, టీ వచ్చింది, చల్లారింది. నేను వెతుకుతూనే ఉన్నాను.

"ల్యా గదా? పంటతో పాటు చేను రాసిచ్చినావు. చేనుతో పాటు బావి. కొట్లాడొచ్చు, కాదన్ను. ఏండ్లు పడతాది. ముందు వాళ్లనే అడుగు. ఇయ్యరు, అయినా అడుగు. ఆ పాపకు చెప్పినావా?"

"చెప్తా సార్."

"ఈ పొద్దే చెప్పు. ఇట్లాటివి నిలవుంటే పురుగు పడతాది."

అక్కడే, ఆయన మెట్ల మీద నుంచే, బెంగళూరుకు ఫోన్ చేశాను. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. అదే పెద్ద చిక్కు. తిట్టి ఉంటే తిట్టేదాన్ని.

"మేడమ్, ఆ క్యారెక్టర్ పిల్లలకు బాగా ఎక్కేసిందండీ. ఇప్పుడు మా యాప్‌కి ఆవిడే ముఖం. వెనక్కి ఎలా ఇస్తాం చెప్పండి?"

"పుస్తకం వరకన్నా ఒదిలేయండి సార్. అది ముందే గీసింది."

"అడిగి చూస్తాను గానీ, ఇవ్వరండీ." నేను పెట్టేయబోతుంటే ఆయనే మళ్లీ అందుకున్నాడు. "ఒక్క మాట మేడమ్. ఆవిడ నిజంగా ఉన్న మనిషా? అలాంటిదేమైనా ఉంటే చెప్పండి, లీగల్ వాళ్లతో మాట్లాడాలి."

లీగల్ అనే మాట వినగానే నా మీదికి, చెల్లెలి మీదికి ఏదో కేసు వస్తుందనిపించింది.

"కాదు సార్. ఊరికే గీసింది. నిజం మనిషి కాదు."

ఎండలో నిలబడి, మా అమ్మ నిజం మనిషి కాదని చెప్పాను. రెండు రోజులకు వాళ్ల జవాబు వచ్చింది. ఇవ్వరు. పైగా పుస్తకం వేస్తే చర్య తీసుకుంటారు.

ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. ప్రార్థన అయ్యాక ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. మా నాయన సంజీవయ్య అక్కడ శిల్పాలు చెక్కే ఒక పట్టెడలో రాతికి పాలిష్ పట్టే పని చేస్తాడు. బస్సులో చెప్పాలనుకున్నాను. శిరివెళ్ల దాటాక చెప్పాలనుకున్నాను. ఆళ్లగడ్డలో దిగాక చెప్పాలనుకున్నాను.

నాయన కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ము. మమ్మల్ని చూడగానే మిషను ఆపి, పక్కనున్న వాళ్లను కేకేశాడు.

"ఇదిగోప్పా, నేను చెప్తాంటి గదా, పుస్తకం గీసింది మా చిన్నపాపేనని. ఈయమ్మే. ఎస్తేరు బొమ్మ అచ్చులో పడబోతాంది."

ఒక ముసలాయన ఉలి పక్కన పెట్టి నవ్వాడు. "సంజీవయ్యా, మేము ఇన్నేండ్లుగా దేవుండ్లను చెక్కుతాండాం, మాకెవురికీ పుస్తకం రాకపాయె. నీ పెండ్లానికి వచ్చె."

"మీ దేవుండ్లు మా ఎస్తేరు లెక్క పని చేస్తారా ఏంది?"

అందరూ నవ్వారు. నాయన మొహం మీద దుమ్ము పగిలింది. ఎలిజబెత్ వైపు తిరిగి, "ఎప్పుడొస్తాదంటా?" అన్నాడు.

"ఇంగా జవాబు రాలే నాయనా. అక్క చూస్తాంది."

"పెద్దపాప చూస్తాంటే ఇంగేం. వస్తాది."

నన్ను అప్పుడు ఎవరైనా కొట్టి ఉంటే బాగుండేది. చెప్పలేకపోయాను. నిజానికి అది కూడా సాకే. చెప్పలేకపోవడానికి కారణం నాయన కాదు. తొమ్మిదేళ్లు అగ్రిమెంట్లు చదివిన పరంజ్యోతికి అగ్రిమెంటు చదవడం రాదని తేలిపోతుంది. నేను దాచుకున్నది అదొక్కటే.

సోమవారం పొద్దున ఎలిజబెత్ రంగులు కొనడానికి బజారుకు వెళ్లింది. నేను మెయిల్ తెరిచాను. సునీతకు రాశాను.

'మీ ఉత్తరానికి చాలా సంతోషం. ఈ పుస్తకం మా అమ్మ గురించి. ఆలోచించాక, దీన్ని నలుగురికీ చూపించడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. దయచేసి మళ్లీ అడగవద్దు. ఎలిజబెత్.'

ఆ రోజు సాయంత్రమే సునీత జవాబిచ్చింది. బాధగా ఉందని, అర్థం చేసుకున్నానని రాసింది. ఆమె మొదటి ఉత్తరం, నేను రాసింది, ఈ జవాబు, మూడూ చెరిపేశాను.

తర్వాత మొదలైంది అసలు శిక్ష.

"అక్కా, హైదరాబాద్ నుంచి ఏమన్నా వచ్చిందా?"

"రాలా."

మొదట్లో రోజుకు రెండుసార్లు అడిగేది. తర్వాత రోజుకొకసారి. తర్వాత అడగకుండా నా ఫోన్ వైపు చూసేది. అది ఇంకా కష్టం. సెప్టెంబరు చివర్లో ఒకరోజు చూస్తే, పుస్తకంలోని అమ్మ మొహాన్ని మళ్లీ గీస్తోంది. ముక్కు సన్నగా చేసింది. ఇంకో రోజు పళ్లు సరి చేసింది.

"ఎందుకమ్మే, బాగుండెనే?"

"బాగుంటే జవాబిస్తుండ్రి గదా. ఎవురికీ అమ్మ అనిపిచ్చలేదేమో."

గిన్నెలు తోముకునే వంకతో బయటికి పోయాను. ఆ రోజు గిన్నెలు రెండుసార్లు తోమాను.

అక్టోబరు మూడో వారంలో నాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీయమ్మ ఈడ బడి గేటు మీద ఉంది. మీరొకపారి రాండి."

వెళ్లాం. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. బెంగళూరు యాప్‌ను ఆ బడి తీసుకుందట. దాని మీద అమ్మ. తెల్లబడింది. నీలం చీర, ఇస్త్రీ మడతలు. చేతిలో ఫోను. నవ్వుతోంది. మొహం మాత్రం అమ్మదే. అమ్మ ఎడమ కన్ను కొంచెం చిన్నదిగా ఉండేది, దాన్ని కూడా మార్చలేదు.

నాయన పని మధ్యలో వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా దుమ్ము. గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా చొక్కా ఏమాయ?" అన్నాడు.

ఫ్లెక్సీ మీద నుంచి చూపు తిప్పకుండా మళ్లీ తనే అన్నాడు.

"కాదూ, ఊరికే అడుగుతాండా. నా చొక్కా లేకుండా ఆ మనిషి చేన్లోకి పోయింది యానాడన్నా ఉందా? ఒంటికి ఆకు గీరుకుంటాది. తీసేసినారేంది?"

"వాళ్లకిచ్చినాం గదా నాయనా, పన్నెండు బొమ్మలు" అంది ఎలిజబెత్. అంటూనే దగ్గరికి పోయి చూసింది. చాలాసేపు చూసింది. నా వైపు తిరిగింది. "అక్కా, ఇది నేను గీసింది గాదు. ఆ పన్నెండిట్లో ఇది లేదు. వాళ్లే ఎట్ల గీసుకున్యారు?"

అప్పుడైనా చెప్పాల్సింది.

"అడుగుతాలే" అన్నాను.

ఆమె మళ్లీ ఫ్లెక్సీ వైపు చూసింది. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"బడికి నచ్చింది గదా" అంది మెల్లగా. "ఇట్ల గీయాల్సిందేమో నేను. అందుకే వాళ్లు జవాబియ్యలే."

నాయన పట్టెడకు వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత నిద్ర లేచేసరికి ఎలిజబెత్ పక్క ఖాళీగా ఉంది. టాబ్లెట్ గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టింది. కింద ఇంటావిడ చెప్పింది, తిరుపతమ్మ బ్యాచితో ఆటోలో శిరివెళ్లకు పోయిందని. తిరుపతమ్మ ఆడకూలీలను క్రాసింగ్‌కు తీసుకుపోయే మేస్త్రీ. అమ్మ ఒకప్పుడు ఆమె బ్యాచిలోనే చేసేది.

నేను దొరికిన ఆటో ఎక్కాను. ఆ చేను కనుక్కోవడం నాకు కష్టం కాలేదు. ఆ చేలన్నిటికీ ఒకప్పుడు నేనే అగ్రిమెంట్లు రాశాను.

తిరుపతమ్మ గట్టు మీద నుంచే నన్ను చూసింది.

"ఏం మేడమ్మా, అగ్రిమెంట్ రాపిచ్చుకోను వచ్చినావా? నీ కంపెనీ పాయె గదా, ఇంగ ఎవురి కోసరం?"

"చెల్లెలు యాడుంది పెద్దమ్మా?"

"ఆ నాలుగో సాలు. వాళ్లమ్మ మాదిరే చెయ్యి బలే ఉంది ఆ పిల్లకు. పలకరిస్తే పలకరించు గానీ పని ఆపిచ్చొద్దు. ఎండెక్కితే పువ్వు పట్టదు."

ఎలిజబెత్ ఎవరిదో మగ చొక్కా వేసుకుంది. తలకు తువ్వాలు. ఎడం చేతిలో తండ్రి పువ్వులు. ఒక్కో మొగ్గ పట్టుకుని, పుప్పొడి రుద్ది, ముందుకు జరుగుతోంది. వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి.

"ఏందక్కా?"

"నీతో మాట్లాడాల."

"మాట్లాడు. నేను ఆపను. ఈ సాలు కావాల."

పక్క సాలులో నడుస్తూ చెప్పాను. మా మధ్య నడుం ఎత్తు పత్తి. అగ్రిమెంటు గురించి చెప్పాను, ఏడో పేజీ గురించి, ప్రభుదాసు గారి గురించి. ఆమె చెయ్యి ఆగలేదు. హైదరాబాద్ వాళ్లు సెప్టెంబరులోనే పుస్తకం వేస్తామన్నారని చెప్పాను. చెయ్యి ఒక మొగ్గ మీద ఆగింది. మళ్లీ కదిలింది. బెంగళూరు మనిషి అడిగితే అమ్మ నిజం మనిషి కాదన్నానని చెప్పాను. చివరికి మెయిల్ గురించి చెప్పాను.

సాలు చివరి దాకా ఆమె పుప్పొడి రుద్దుకుంటూనే పోయింది. గట్టు దగ్గర చేతిలోని పూలు పడేసి, చేతులు చొక్కాకు తుడుచుకుంది.

"అగ్రిమెంట్ సంగతి సరే. నంబరు నేనే చెప్పినా, తల గూడా ఎత్తలే. సగం నాది." గొంతు మామూలుగానే ఉంది. "ఆ మెయిల్లో ఏమని రాసినావో చెప్పు."

"ఎందుకమ్మే ఇప్పుడు..."

"చెప్పు."

చెప్పాను. నాలుగు వాక్యాలూ ఒక్క ముక్క పోకుండా గుర్తున్నాయి.  

ఆమె తల ఊపింది.

"బాగా రాసినావు. అచ్చం నేను రాసినట్టే ఉంది."

మళ్లీ చేన్లోకి పోయి ఇంకో సాలు అందుకుంది. నేను గట్టు మీద కూర్చున్నాను. పదకొండింటికి తిరుపతమ్మ కేకేస్తే అందరూ బయటికొచ్చారు. ఎలిజబెత్ నా ముందు నుంచే నడిచి రోడ్డెక్కింది. నంద్యాల బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే, ముందు డ్రైవరు వెనక కూర్చుంది.

గదికి వచ్చాక కాళ్లు కడుక్కుని, సునీత నంబరు అడిగి తన ఫోన్‌తోనే చేసింది. నాకు వినిపించింది ఒక్క వైపే. "అవునండీ, ఎలిజబెత్‌నే... లేదండీ, అది నేను రాయలేదు... లేదు, ఇంట్లో వాళ్లు..." ఆ తర్వాత చాలాసేపు వింది. "సరేనండీ" అంది. పాత అలవాటు. పెట్టేసింది.

"ఏమంటాది?" అన్నాను.

"వేసవికి అనుకున్న మన జాగా ఇంగొక పుస్తకానికి ఇచ్చేసినారంటా. ఇచ్చుండకపోయినా, ఆ బొమ్మతో వాళ్లు వెయ్యలేరంటా. చిన్న కంపెనీ, కోర్టులకు తిరగలేరంటా." గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "ఇంగ యానాడన్నా గీస్తే అమ్మ లేకుండా గీయమంటాంది."

నేను ఆమె పక్కన కూర్చోబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"కూచోవద్దు. మెయిల్ తెరువు. ఆమెకు రాయి, నీ పేరుతో. పుస్తకం కోసరం గాదు, అది పాయె. ఒకపారి ఒద్దని, ఇంగొకపారి కావాలని, ఇంట్లో వాళ్ల మీదికి తోసే మనిషి అనుకుంటాంది నన్ను. గొంతులోనే తెలుస్తాంది. రేపు ఇంగొకరికి చెప్తాది. నాకు బొమ్మలు గీసి బతకాలని ఉండాదా ల్యాదా?"

కూర్చుని రాశాను. తొమ్మిదేళ్లలో ఎన్నో ఉత్తరాలు రాశాను. ఇంత కష్టపడి ఒక్కటీ రాయలేదు. నా పేరు పరంజ్యోతి అని మొదలుపెట్టాను. అగ్రిమెంటు సంగతి రాశాను. అది చదివింది, సంతకం చేయించింది నేనేనని రాశాను. తర్వాత ఇలా రాశాను: 'నా చెల్లెలికి తెలియకుండా, పొరపాటున నేను ఆ మెయిల్ పంపాను.'

ఎలిజబెత్ లేచి వచ్చి నా భుజం మీదుగా చదివింది. చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగింది.

"పొరపాటునా?"

నేను తెర వైపే చూస్తున్నాను.

"అగ్రిమెంట్ పొరపాటు. ఇది పొరపాటా అక్కా?"

"కాదు."

"కొట్టెయ్యి."

ఒక్కో అక్షరం వెనక్కి కొట్టాను. ఆ మాట పోయాక వాక్యంలో ఖాళీ ఏమీ మిగల్లేదు, రెండు వైపులూ దగ్గరికొచ్చి అతుక్కున్నాయి. 'నా చెల్లెలికి తెలియకుండా నేను ఆ మెయిల్ పంపాను.'

"పంపు."

పంపాను. పోయిందని తెర మీద వచ్చింది. ఎలిజబెత్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"పాస్‌వర్డ్ మార్చేది యాడ?"

చూపించాను. పాతది కొట్టమంటే నేనే కొట్టాను. కొత్తది కొట్టమని అడిగింది తెర. ఆమె వేళ్లు మీటల మీద పెట్టి ఆగింది. వెళ్లిపొమ్మని అనలేదు. చూడొద్దనీ అనలేదు.

నేను లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక మీటల చప్పుడు మొదలైంది. చాలా పొడుగ్గా పెట్టినట్టుంది. ఆగిన తర్వాత కూడా, ఆమె పిలిచే దాకా తిరగకూడదని అలాగే నిలబడ్డాను.